ప్రార్థన మనవి

ఖరగ్‌పూర్, 6 ఫిబ్రవరి 1961, సోమవారం

మా ఆయన ఆమోసు రైల్వే వర్క్‌షాపుకి వెళ్ళాక బియ్యం ఏరుతూ కూర్చున్నాను. పక్కింటి హైమవతి వెనక గుమ్మంలోంచి వచ్చింది. ఎప్పుడూ కూతురు పైడిని చంకన వేసుకొని, గుమ్మం దాటకముందే మాటలు మొదలుపెట్టే మనిషి. ఇవాళ ఒక్కతే వచ్చింది. తలుపు తనే దగ్గరగా వేసింది.

"అప్పా, పెళ్లికి ముందు నువ్వు ఆసుపత్రిలో పని సేసినావు గదా. ఇది ఏటో సూసి సెప్పు" అని ఎడమ చెయ్యి చాపింది.

మోచేతికి కాస్త కింద రూపాయి బిళ్ళంత మచ్చ. చుట్టూ ఉన్న చర్మం కంటే పాలిపోయి ఉంది. దాని మీద కాలిన బొబ్బ. అన్నం వారుస్తుంటే గిన్నె అంచు తగిలిందట. తగిలిన సంగతి తనకి తెలియలేదట, వాళ్ళ అత్త చూసి "సెయ్యి కాల్చుకున్నావేటే" అంటే అప్పుడు చూసుకుందట.

కళ్ళు మూసుకోమన్నాను. దూది పోగుతో మచ్చ పక్కన తాకితే "ఊ" అంది. మచ్చ మీద తాకితే ఏమీ అనలేదు. పిన్నీసు మొనతో నొక్కాను. కళ్ళు మూసుకునే "అయిపోనాదా అప్పా?" అని అడిగింది.

మిషను ఆసుపత్రిలో రెండేళ్ళు పని నేర్చుకున్నదాన్ని. నాకు తెలిసిపోయింది.

మెల్లగానే చెప్పాను. ఇంకా మొదట్లోనే ఉందని, ఇప్పుడు మాత్రలు వచ్చాయని, జనం భయపడేట్టు ముట్టుకుంటే అంటుకునే జబ్బు కాదని, బాంకురా దగ్గర ఆసుపత్రిలో నయం చేస్తారని చెప్పాను. అంతా విని, "పైడికి వస్తాదా?" అంది. రాదన్నాను. అప్పుడు ఏడ్చింది.

"ఉగాదికి మా అత్త ఊరెల్తాది. అప్పుడు నీతో బాంకురా వస్తాను. మందు మొదలెట్టినాక మా మావకి నానే సెప్పుకుంటాను. అందాకా ఎవుల్తోనూ అనకప్పా. నీ దేవుడి మీద ఒట్టెయ్యి."

మేము ఒట్లు వేసుకోకూడదు, మాట ఇస్తే చాలు అన్నాను. మాట ఇచ్చాను.

నాకు తోడబుట్టినవాళ్ళు లేరు. వాళ్ళ వైపు అక్కని అప్ప అంటారు. ఈ రైల్వే క్వార్టర్ల లైనులో కాపురం పెట్టినప్పటి నుంచి ఆ పిల్ల నన్ను అలాగే పిలుస్తోంది.

7 ఫిబ్రవరి

ఆమోసుకి కూడా చెప్పలేదు. గోడకి గోడ ఆనించి ఇన్నేళ్ళు ఉన్నాం. ప్రభువు మమ్మల్ని ఇక్కడ పెట్టింది ఇందుకేనేమో. పొరుగువారిని ప్రేమించమన్న ఆజ్ఞ చదవడం వేరు, అది వచ్చి మన తలుపు తట్టడం వేరు.

ఈ భారం ఒక్కదాన్నే మోయలేకుండా ఉన్నాను.

8 ఫిబ్రవరి, బుధవారం

స్త్రీల కూటం ఎస్తేరమ్మ గారింట్లో. పాటలయ్యాక "ప్రార్థన మనవులు ఎవరికైనా ఉన్నాయా?" అని ఎప్పటిలాగే అడిగారు. లూకా గారి భార్య మోకాళ్ళ నొప్పి చెప్పింది. ఇంకొకావిడ మరిది ఉద్యోగం సంగతి చెప్పింది. నేను లేచాను.

పేరు చెప్పలేదు. "మా పక్కింట్లో ఒక సహోదరికి కుష్ఠు లక్షణాలు కనబడ్డాయి. పసిబిడ్డ తల్లి. ఆమె కోసం, ఆ బిడ్డ కోసం ప్రార్థించండి" అని మాత్రం అన్నాను. గదంతా "అయ్యో ప్రభువా" అంది. ఎస్తేరమ్మ గారు నా చెయ్యి పట్టుకొని, "అన్యుల కోసం కూడా ఇంత ఏడుస్తున్నావు, నీకెంత ప్రేమ ఆలీసూ" అన్నారు. అందరం మోకాళ్ళ మీద కన్నీళ్ళతో ప్రార్థించాం. ఈ మధ్య ఇంత మంచి కూటం జరగలేదు.

తిరిగి వస్తుంటే మనసు తేలికగా ఉంది.

9 ఫిబ్రవరి

పేరు చెప్పలేదు గదా. ప్రార్థన కోసం చెప్పిన మాట, చెప్పినట్టు కాదు.

12 ఫిబ్రవరి, ఆదివారం

సండేస్కూల్లో పిల్లలకి దారిలో దెబ్బలు తిని పడి ఉన్న మనిషి కథ చెప్పాను. పొరుగువాడు ఎవరని అడిగితే అందరూ ఒక్క గొంతుతో జవాబు చెప్పారు.

ఆరాధన అయ్యాక లూకా గారి భార్య మెట్ల దగ్గర కలిసింది. "ఆ అమ్మాయి కోసం రోజూ ప్రార్థిస్తున్నాను. మీ పక్కిల్లంటే ఎటేపు? కుడివైపా, ఎడమవైపా?" అంది. "కుడివైపు పోలమ్మ కదండీ, ముసలావిడ" అన్నాను.

అన్నాక గాని తెలియలేదు ఏమన్నానో.

14 ఫిబ్రవరి

కుళాయి దగ్గర హైమవతి బిందె పెట్టబోతే పోలమ్మ తన బిందె తీసి పక్కన పెట్టుకుంది. వెనక ఉన్నవాళ్ళు కూడా తీసుకున్నారు. హైమవతి ఏమనుకుందో, నవ్వి "ఏటే, అందరికీ దాహం తీరిపోనాదా?" అంది. ఎవరూ నవ్వలేదు.

నేను వెళ్ళి ఆమె పక్కన నిలబడదామనుకున్నాను. అప్పటికే నా బిందె నిండింది. మోసుకొని వచ్చేశాను.

15 ఫిబ్రవరి, బుధవారం

తలనొప్పి. కూటానికి వెళ్ళలేదు.

16 ఫిబ్రవరి

రాయాలి. ఎవరితోనూ అనలేను కనుక ఇక్కడైనా రాయాలి.

సాయంత్రం వర్క్‌షాపు సైరన్ మోగిన కాసేపటికి హైమవతి భర్త గోవిందరావు వచ్చాడు. సైకిలు గోడకి ఆనించనైనా లేదు, సందులోనే పడేశాడు. "హైమా!" అని కేక. ఆమె పైడిని ఎత్తుకొని బయటికి వచ్చింది.

"షాపులో నా పక్కనుండే నూకరాజు ఇయ్యాల నాతో అన్నం తినకుండా లేసిపోనాడు. ఏటిరా అంటే, ముందు నీ ఇంట్లో సూసుకో అన్నాడు. ఏటి సూసుకోవాల? నువ్వే సెప్పు."

హైమవతి అత్త సింహాచలమ్మ వచ్చి, ఆమె ఎడమ చెయ్యి పట్టుకొని జాకెట్టు చెయ్యి పైకి లాగింది. సందంతా బయటే ఉంది. సింహాచలమ్మ చెయ్యి వదిలేసి, పైడిని కోడలి చంకలోంచి లాక్కుంది. పిల్ల కెవ్వుమంది.

నేను మా గుమ్మం తెర వెనక ఉన్నాను. హైమవతి ఇటే చూసి పిలిచింది.

"అప్పా! నువ్వు రా. ముట్టుకుంటే అంటుకోదని నువ్వే గదా సెప్పినావు. ఈల్లకి సెప్పు."

వెళ్ళాను. అది మొదట్లోనే ఉందని, మందు ఉందని, పిల్లకి ఏమీ కాదని చెప్పాను.

సింహాచలమ్మ నా వైపు తిరిగింది. "అంటే నీకు ముందే తెలుసునా ఆలీసమ్మా? ఇంట్లో ఉన్నోల్లం, మాకు తెలవదు. మీ ప్రార్థనకాడ అందరికీ తెలుసు. లూకా ఇంట్లో అంట్లు తోమేది కుళాయికాడ సెప్పినాది గాబట్టి మాకు తెలిసినాది!"

హైమవతి అంతదాకా వాళ్ళ మాటలకి బెదిరిపోయి ఉంది. ఇది విన్నాక బెదురు పోయింది. నన్ను చూసింది.

"మాట ఇచ్చినావు గదప్పా" అంది.

అంతే అంది. తిట్టలేదు. లోపలికి వెళ్ళిపోయింది.

17 ఫిబ్రవరి

ఇదంతా లూకా గారి భార్య పని. ప్రార్థనలో చెప్పుకున్న మాట పనిమనిషి ముందు అనడం ఎంత పాపం! ఆదివారం ఎస్తేరమ్మ గారితో గట్టిగా మాట్లాడాలి.

ఆమోసుతో ఇదే అన్నాను. ఆయన షర్టు గుండీ పెట్టుకుంటూ ఆగారు. "లూకా ఇంటినించి బయటికి ఎవులు సెప్పినారో తరవాత అడుగుదువు గాని. లూకా ఇంటికి ఎవులు సెప్పినారు ఆలీసూ?" అన్నారు. టిఫిన్ డబ్బా తీసుకొని వెళ్ళిపోయారు.

19 ఫిబ్రవరి, ఆదివారం

గోవిందరావు ఆమెని పుట్టింటికి తీసుకెళ్ళి దింపడానికి మెయిలెక్కాడు. ఆమదాలవలస దగ్గర పల్లె. పైడిని పంపలేదు.

చర్చికి వెళ్ళకుండా స్టేషనుకి వెళ్ళాను. పులిహోర పొట్లం కట్టుకొని వెళ్ళాను. హైమవతి కిటికీ దగ్గర కూర్చుని ఉంది. పొట్లం చాపితే నా చెయ్యి వైపు చూసింది కాని తీసుకోలేదు. గోవిందరావు మొహమాటానికి అందుకొని పక్కన పెట్టాడు. "ఆసుపత్రిలో చేర్పించు బాబూ" అన్నాను. "సూద్దారి" అన్నాడు. ఆ మాట అనేటప్పుడు అతని కళ్ళు కూడా ఎర్రగానే ఉన్నాయి.

20 ఫిబ్రవరి

గోడ అవతల పైడి ఏడుస్తోంది.

21 ఫిబ్రవరి

ఇవాళ కూడా.

8 మార్చి, బుధవారం

కూటానికి వెళ్ళాను. ఎస్తేరమ్మ గారు "మన ప్రార్థన కొనసాగిద్దాం, ఆమె ఎక్కడున్నా ప్రభువు చూస్తాడు" అన్నారు. లూకా గారి భార్య నన్ను పక్కకి పిలిచి, తను ఎవరికీ చెప్పలేదనీ, వంటింట్లో భర్తతో అంటుంటే పనిమనిషి విని ఉంటుందనీ ఏడ్చింది. ఆమెని ఏమనను? ఆమె కూడా భారం మోయలేకే చెప్పి ఉంటుంది.

17 మార్చి

ఉగాది. సింహాచలమ్మ ఊరెళ్ళలేదు, పిల్లని ఎవరు చూస్తారని. ఇవాళ మేమిద్దరం బాంకురా బండిలో ఉండవలసింది.

2 ఏప్రిల్, ఈస్టరు

చర్చిలో ప్రభువు బల్ల రొట్టె, ద్రాక్షరసం తీసుకోలేదు. ఆమోసు నా వైపు చూశారు, అడగలేదు.

ఇంటికొచ్చాక నేనే చెప్పాను. "పేరు చెప్పలేదు, పేరు చెప్పలేదు అని ఇన్నాళ్ళూ అనుకుంటున్నాను. చెప్పేటప్పుడు నా మనసులో హైమ లేదు. వాళ్ళంతా నన్ను చూస్తున్నారన్నదే ఉంది" అన్నాను.

ఆమోసు, "మరిప్పుడు ఏటి సేద్దామని?" అన్నారు.

"ఆమె ఊరు వెళ్తాను."

"రమ్మంటే రాదు."

"తెలుసు."

"రైలు పాసు రాయిస్తాను" అన్నారు.

20 ఏప్రిల్

నిన్న హైమా నేనూ ఆమె ఊరి నుంచి తిరిగి వచ్చాం. వచ్చాం అని రాయగలిగినందుకు దేవునికి స్తోత్రం. ఇంకేమీ స్తోత్రం చేయదగ్గది కాదు.

హైమవతి అన్న జగ్గారావు ఇల్లు ఊరి చివర. ఆమె ఎక్కడుందని అడిగితే అతను పెరటి వైపు చూపించాడు. పశువుల పాక. గడ్డి పక్కకి నెట్టి ఒక మూల చాప వేసి ఉంది. ఒక సత్తు పళ్ళెం, ఒక గ్లాసు. అన్నం వదిన తెచ్చి దూరం నుంచి వంపి వెళ్తుందట.

హైమవతి చిక్కిపోయింది. చేతి మచ్చ పెద్దదయింది. నన్ను చూసి లేవలేదు.

"పైడి ఏటి సేస్తన్నాది?" అంది.

బాగుంది, మాటలు ముద్దుగా వస్తున్నాయి, వాళ్ళ నాయనమ్మ బాగానే చూస్తోంది అన్నాను.

"నాకోసం అడుగుతాదా?"

అడుగుతుందన్నాను. మొదట్లో అడిగేది. ఇప్పుడు అడగడం నాకు వినబడలేదు. ఆ సంగతి చెప్పలేదు.

క్షమించమని అడిగాను. చాప ముందు నేల మీద కూర్చొని అడిగాను. ఆమె గడ్డిపోచ తుంపుతూ కూర్చుంది. అప్పుడు అంది: "నాను నీతో సెప్పినది నువ్వు కిరస్తానమని కాదప్పా. నువ్వని సెప్పినాను."

బాంకురా తీసుకెళ్తానని, అందుకే వచ్చానని చెప్పాను. "వస్తాను. నీకోసం కాదు, మందు కోసం వస్తాను" అంది.

జగ్గారావు బస్సు దాకా వచ్చాడు. చెల్లెలి చేతికి సంచి ఇవ్వబోయి, దూరంగా నేల మీద పెట్టాడు. హైమవతి వంగి తీసుకుంది. అతను తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకొని వెనక్కి తిరిగాడు.

ఖరగ్‌పూర్‌లో దిగి బాంకురా బండి మారేటప్పుడు హైమవతి మా క్వార్టర్లుండే ఓల్డ్ సెటిల్‌మెంట్ వైపు చూస్తూ నిలబడింది. "ఒక్కసారి వెళ్దామా?" అని అడిగాను. తల అడ్డంగా ఊపింది. బండిలో ఎదుటి బల్ల మీద ఒక బెంగాలీ ఆవిడ పలకరించింది, నన్ను చూపించి "మీ అక్కా?" అని అడిగింది. "కాదు, పక్కింటామె" అని హైమవతి బెంగాలీలో జవాబు చెప్పింది.

ఆసుపత్రిలో చేర్చుకున్నారు. డాక్టరు ఆమె చెయ్యి తన చేతిలోకి తీసుకొని, మోచేతి దగ్గర నరం తడిమి, వేళ్ళు ఒక్కొక్కటీ వంచి చూశాడు. ఆయన పట్టుకున్నంతసేపూ ఆమె ఆ చెయ్యినే చూస్తూ కూర్చుంది. ఒక నెల ముందు వచ్చి ఉంటే వేళ్ళకి ఇంత నీరసం వచ్చేది కాదట. ఆయన నన్ను అనలేదు. మామూలుగా అన్నాడు.

7 జూన్, బుధవారం

కూటంలో ఎస్తేరమ్మ గారు "ఆలీసు సాక్ష్యం చెప్తుంది. తన పొరుగుదాన్ని అంత దూరం వెళ్ళి తెచ్చి ఆసుపత్రిలో చేర్పించింది" అన్నారు. అందరూ నా వైపు తిరిగారు.

లేచాను. "సాక్ష్యం ఏమీ లేదండి. ఆమె చాటుగా చూపించుకొని, చాటుగా బాగుపడి, తన బిడ్డ దగ్గరే ఉండవలసిన మనిషి. నేను ఈ గదిలో నోరు విప్పబట్టి పశువుల పాకలో పడుకుంది. ఆమెని గురించి ఇక్కడ ఇంక మాట్లాడకండి" అని కూర్చున్నాను. ఎస్తేరమ్మ గారికి కోపం వచ్చింది. పాట ఎత్తుకున్నారు.

22 జూలై

బాంకురా వెళ్ళాను. మచ్చ ఎండుతోంది. చిటికెన వేలు మాత్రం వంగే ఉంది. అక్కడ మగ్గం నేర్పుతున్నారట, ఆ వేలితోనే నేర్చుకుంటోంది. వార్డులో అందరికీ తెలుగు మాటలు నేర్పుతోంది. నన్ను చూసి నవ్వలేదు గాని, కూర్చోమని చాప వేసింది.

డాక్టరు రెండేళ్ళలో పంపించేస్తామన్నారని చెప్పాను. "ఎక్కడికి పంపుతారు? ఆ కుళాయికాడికా?" అంది. ఇక్కడే మగ్గం పని ఇస్తామన్నారట. ఉండిపోతానంది.

వచ్చేటప్పుడు ఎప్పటి అలవాటుతో "నీకోసం ప్రార్థిస్తున్నాను హైమా" అన్నాను. అన్నాక భయం వేసింది.

"సెయ్యి" అంది. "నా పేరు నీ దేవుడికి సెప్పప్పా. ఆయనొక్కడికే సెప్పు."

17 సెప్టెంబరు

విశ్వకర్మ పూజ. వర్క్‌షాపు గేట్లు తెరిచారు, కుటుంబాలన్నీ చూడ్డానికి వెళ్ళాయి. గోవిందరావు పైడిని భుజాల మీద ఎక్కించుకొని తను పనిచేసే మిషను చూపిస్తున్నాడు. అతనికి మళ్ళీ పెళ్ళి సంబంధం చూస్తున్నారని పోలమ్మ చెప్పింది.

11 నవంబరు, శనివారం

పొద్దున్నే గోవిందరావు మా గుమ్మంలో నిలబడ్డాడు. పైడికి తల దువ్వి, కొత్త గౌను తొడిగి తెచ్చాడు. "మీరు ఇయ్యాల బాంకురా ఎల్తన్నారని ఆమోసన్న సెప్పినాడు. దీన్ని ఓసారి దానికి సూపించి తెచ్చెయ్యండి. నానైతే... నాకు మొకం సెల్లదు" అన్నాడు. వాళ్ళ గుమ్మంలో సింహాచలమ్మ నిలబడి ఉంది. తీసుకెళ్ళమని అనలేదు, వద్దని అనలేదు.

బండిలో పైడి నా ఒళ్ళో కూర్చొని దారంతా మాట్లాడింది. ఆసుపత్రి గేటు దాటేసరికి నోరు మూసుకుంది.

హైమవతి చెట్టు కింద నిలబడి ఉంది. పరిగెత్తుకొస్తుందనుకున్నాను. రాలేదు. అక్కడే నేల మీద కూర్చుంది, పిల్లకి తన మొహం అందేట్టుగా. "పైడీ" అంది.

పైడి నా చీర కుచ్చిళ్ళు పట్టుకొని వెనక్కి వెళ్ళిపోయింది. "అమ్మరా, వెళ్ళు" అని ముందుకి తోయబోయాను.

"ఒద్దప్పా. బలమంతం సెయ్యకు. భయపడతాది" అంది హైమవతి.

ఏవో కబుర్లు చెప్పింది. మగ్గం మీద ఏ రంగు గుడ్డ నేస్తోందో, ఇక్కడి పిల్లి ఎన్ని ఇళ్ళు తిరుగుతుందో అన్నీ నాతో చెప్తున్నట్టే పిల్లకి వినబడేలా చెప్పింది. పిల్లి మాట వచ్చినప్పుడు పైడి కుచ్చిళ్ళ చాటునుంచి తొంగి చూసింది. హైమవతి చూడనట్టే ఉండిపోయింది. చెయ్యి చాపలేదు. బండి వేళయ్యేదాకా అలాగే కూర్చుంది. "ఇయ్యాల్టికి సాలు" అంది, తనకి తనే చెప్పుకున్నట్టు.

తిరుగు బండిలో పైడి, "ఆ అమ్మ మనింటికి ఎందుకు రాదు?" అని అడిగింది.

"రాకుండా నేను చేశానమ్మా" అన్నాను. దానికి అర్థం కాలేదు. పిల్లి పేరేమిటని అడిగింది.

ఇంటికి రాగానే సింహాచలమ్మ పిల్లని కుళాయి కిందికి తీసుకెళ్ళి తల మీద నీళ్ళు పోసింది. చలికి పైడి వణికింది. నేను చూస్తూ నిలబడ్డాను. అనడానికి నాకేం హక్కుంది?

12 నవంబరు, ఆదివారం

చర్చి నుంచి వచ్చి బట్టలు మార్చుకుంటుంటే వెనక తలుపు చప్పుడైంది. సింహాచలమ్మ. ఫిబ్రవరి తరవాత ఆమె మా ఇంటికి రావడం ఇదే.

గుమ్మం లోపలికి రాలేదు. కొంగు వేలికి చుట్టుకుంటూ, నేల చూస్తూ అడిగింది: "బాగా సిక్కిపోనాదా?"

ఇప్పుడు ఒళ్ళు చేసిందని చెప్పాను.

"అన్నం తింటాదా? అది పులుపు నేకపోతే ముద్దెత్తదు."

చింతపండు తీసుకెళ్తానన్నాను. తల ఊపింది. "మల్లీ నెల కూడా పైడి గుంటని తీసుకెల్లు. ఈసారి నీల్లు పొయ్యనులే" అంది.

ఇంకా నిలబడే ఉంది. లోపలికి రండి అన్నాను. వచ్చి పొయ్యి పక్కన కూర్చుంది. చాలాసేపు ఏడ్చింది. ఏడుస్తూ ఒక సంగతి చెప్పింది. ఇన్నేళ్ళలో కొడుక్కి కూడా చెప్పలేదట. "ఎవుల్తోనూ అనకు ఆలీసమ్మా" అంది. నాతోనే అంది ఆ మాట, అన్నీ తెలిసి.

ఆమోసు వచ్చి ఆవిడ ఎందుకొచ్చిందని అడిగారు. పిల్ల సంగతి మాట్లాడ్డానికి అన్నాను.

ఆమె చెప్పినది ఇక్కడ కూడా రాయను.